చీనీ కేకులో చక్కెర లేదు, షుగర్ ఉంది

అనంతపురంలో ఒక ఇల్లు. ఆదివారం భోజనాలయ్యాక కూతురు కేకు డబ్బా మూత తీసింది. హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది. తండ్రి పదేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్న మనిషి. "నాన్నా, ఇది నువ్వు నిక్షేపంగా తినొచ్చు. చక్కెర ఒక్క పలుకు కూడా వెయ్యలేదు, అంతా బెల్లమే. పైగా మన చీనీకాయల రసం" అంది. ఆయన ఒక ముక్క తిని, ఇంకో ముక్క అందుకున్నాడు. తల్లి మాత్రం "బెల్లం తీపి కాదేమే?" అని ఒక్క మాట అనేసి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఇలాంటి ఆదివారాలు ఇప్పుడు తెలుగునాట చాలా ఇళ్లలో నడుస్తున్నాయి. ఊళ్లు మారతాయి, పండు మారుతుంది, బెల్లం బదులు తేనో ఖర్జూరమో తాటిబెల్లమో వస్తుంది. "చక్కెర వెయ్యలేదు" అన్న భరోసా మాత్రం మారదు.

ఈ భరోసాకు సగం బలం మాటల్లోంచే వచ్చింది. రాయలసీమలో చీనీ అంటే పండు. హిందీవాళ్లకు చీనీ అంటే పంచదార. రెండింటి వెనకా ఉన్నది చైనా పేరే. అదే పండు కోస్తాకు, తెలంగాణకు వచ్చేసరికి బత్తాయి. డచ్చివాళ్లు జకార్తాకు పెట్టిన బటావియా అన్న పేరు నోళ్లలో నలిగి బత్తాయి అయి కూర్చుంది. అన్నిటికన్నా విచిత్రం షుగర్ సంగతి. ఈ ఇంగ్లిషు మాటను తెలుగువాళ్లు తినే వస్తువుకు కాకుండా జబ్బుకు పెట్టుకున్నారు. కాఫీలో వేసుకునేది పంచదార, ఒంట్లో ఉండేది షుగరు. "ఆయనకు షుగరండీ" అంటే ఎవరూ చక్కెర డబ్బా వైపు చూడరు. అందుకే బేకరీ అద్దాల వెనక "షుగర్ ఫ్రీ" అన్న చీటీ కనబడితే మన చెవికి అది సరుకు వివరంలా వినబడదు, ఈ కేకు తింటే ఆ జబ్బు బాధ లేదన్న హామీలా వినబడుతుంది.

నిజానికి బెల్లానికీ చక్కెరకూ చుట్టరికం పేరులోనే ఉంది. సంస్కృతంలోని శర్కర అరబ్బుల నోట సుక్కర్ అయి, ఐరోపా చేరి షుగర్ అయింది. అదే శర్కర మలయాళంలో చక్కర అయి, పోర్చుగీసువాళ్ల నోట్లో పడి, చివరికి జాగరీ అయింది. అంటే జాగరీ, షుగర్ ఒక తల్లి పిల్లలే. ఒకటి ఇంటిపట్టున పెరిగింది, ఒకటి ఊళ్లు తిరిగొచ్చింది.

ప్రయోగశాలలో చూసినా చుట్టరికం తెగదు. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్లు సుక్రోజే, అంటే పంచదారలో ఉండే పదార్థమే. మరో 10, 15 పాళ్లు గ్లూకోజు, ఫ్రక్టోజు. మిగిలింది తేమ, కొద్దిపాటి ఖనిజాలు. వంద గ్రాముల పంచదారలో 400 కేలరీల దాకా ఉంటే బెల్లంలో 350కి కాస్త పైన. ఆ తేడా కూడా చాలావరకు తేమ వల్ల వచ్చిందే. పేగులకు చేరాక ఈ సుక్రోజు మిల్లులోంచి వచ్చిందా, గానుగ పక్కన పెనంలోంచి వచ్చిందా అని శరీరం ఆరా తియ్యదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో "ఫ్రీ షుగర్స్" అన్న పద్దు కింద మనం కలిపే చక్కెరలనే కాక తేనెను, పాకాలను, పిండిన పండ్ల రసాన్ని కూడా చేర్చింది. ఆ లెక్కన చీనీ కేకులో బెల్లమే కాదు, చీనీ రసం కూడా ఆ పద్దులోకే వస్తుంది.

మరి ఇనుము మాటేమిటి? బెల్లాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు తప్పకుండా తెచ్చే మాట ఇది. ఇనుము ఉంది, నిజమే. వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములు. అయితే మన దేశంలో వయసొచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో లెక్క కట్టింది. ఆ మొత్తం బెల్లంలోంచే రాబట్టాలంటే ఆరు వందల గ్రాములు తినాలి. అంత తినగలిగిన మనిషికి ఇనుము కన్నా ముందు ఇన్సులిన్ అవసరం పడుతుంది. కేకు ముక్కలో ఉండే పన్నెండు గ్రాముల బెల్లం ఇచ్చేది అర మిల్లీగ్రాము. గుప్పెడు తోటకూర వండుకున్న ఇల్లు అంతకన్నా ముందుంటుంది.

ఇది వింటే కొందరికి మనసు నొచ్చుకుంటుంది. నొచ్చుకోవడానికి కారణం ఉంది. బెల్లం మనకు వట్టి తీపి కాదు. మేడారం జాతరలో బెల్లాన్ని బెల్లం అని కూడా అనరు, బంగారం అంటారు. మొక్కు తీరినవాళ్లు తమ ఎత్తు బంగారాన్ని తూచి సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారు. ఉగాది పచ్చడిలో తీపికి ప్రతినిధి బెల్లం. శుభవార్త చెప్పినవాళ్ల నోట్లో పెట్టేది బెల్లం ముక్క. ఇంత ప్రేమ పెనవేసుకున్న వస్తువు హాని చేస్తుందంటే ఎవరు నమ్ముతారు? వ్యాపారం చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ప్రేమ, నమ్మకం తమవి కాకపోయినా వాటి మీద లాభం మాత్రం వాళ్లది.

అలాగని బెల్లం కేకు చెయ్యొద్దని కాదు. చెయ్యాలి, తప్పకుండా చెయ్యాలి. ఆరోగ్యం పేరు చెప్పి కాదు, రుచి కోసం. నిమ్మజాతి పండుతో చేసే కేకుకు పంచదార కన్నా బెల్లమే బాగా అబ్బుతుంది. దానికి కారణం బత్తాయి స్వభావంలో ఉంది.

బత్తాయి రసం అమ్మే బండి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. గ్లాసులో పోసిన వెంటనే తాగితే తియ్యగా ఉంటుంది. అదే రసాన్ని సీసాలో పోయించుకుని ఇంటికి తీసుకెళ్లి సాయంత్రం తాగితే నాలుక వెనక చేదు తగులుతుంది. పండు కోసినప్పుడు, పిండినప్పుడు గింజల్లో, లోపలి తొనల పొరల్లో ఉన్న ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి నెమ్మదిగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా మారుతుంది. అంటే ఓవెన్‌లోకి వెళ్లిన ప్రతి బత్తాయి కేకులోనూ చేదు ఎంతో కొంత పుట్టితీరుతుంది. తెల్ల పంచదార కేవలం తీపి. దాని పక్కన ఈ చేదు బట్ట మీద మరకలా పైకి కనబడుతుంది. బెల్లంలో ఉప్పదనం, మసి వాసన, దాని సొంత చేదు ఉన్నాయి కాబట్టి బత్తాయి చేదు వాటిలో ఇమిడిపోయి రుచికి లోతు తెస్తుంది. దబ్బకాయ ఊరగాయలో బెల్లం వేసే ఇళ్లకు ఈ జోడీ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాకపోతే పంచదార తీసేసి అదే కొలత బెల్లం వేస్తే కేకు కుదరదు. యూట్యూబ్‌లో చూసి చేసి, పిండిముద్ద లాంటి కేకు తీసి తలపట్టుకున్నవాళ్లు ఇది ఒప్పుకుంటారు. కేకులో చక్కెర చేసే పని తీపి ఒక్కటే కాదు. వెన్నతో కలిపి గిలక్కొట్టినప్పుడు దాని పలుకుల అంచులు వెన్నలో సన్నసన్నని గాలి గూళ్లు తొలుస్తాయి. కేకు పొంగేది ఆ గూళ్ల ఆధారంగానే. బెల్లం తురుము మెత్తన, తడి. అది వెన్నను తొలవలేదు, అందులో అణిగిపోతుంది. కాబట్టి బెల్లం కేకుకు వెన్న గిలక్కొట్టే పద్ధతే వదిలేసి నూనె, గుడ్లు, పెరుగు, చిటికెడు వంటసోడా దారి పట్టడం తెలివైన పని. పెరుగు, రసం, బెల్లం మూడింటిలోనూ అంతో ఇంతో పులుపు ఉంది కాబట్టి సోడాకు పని బాగానే దొరుకుతుంది.

రెండో ఇబ్బంది నలకలు. బెల్లాన్ని పావు కప్పు బత్తాయి రసంలో వేసి సన్నటి సెగ మీద కరగనివ్వాలి. పాకం పట్టనక్కర్లేదు, కరిగితే చాలు. తీగపాకం దాకా వెళ్లిందంటే అరిసెలకు పనికొస్తుంది గానీ కేకుకు కాదు. కరిగాక పలుచటి బట్టలో వడగడితే బట్ట మీద మిగిలేది చూడాలి. చెరకు పీచు, నల్లటి మడ్డి, ఒకటి రెండు ఇసుక రేణువులు, ఒక్కోసారి గోనెసంచి పోగు. ఆ వడగట్టిన పాకం వేలు పెడితే చల్లగా తగిలేదాకా ఆగాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. వేడి వేడిగా పెరుగులో పోస్తే పెరుగు విరిగి నీళ్లు వేరవుతాయి, గుడ్డు ఉడికి దారాలు కడుతుంది. పరమాన్నం వండే ఏ పెద్దావిడనడిగినా ఈ సంగతి చెబుతుంది. పొయ్యి దించి, అన్నం కాస్త ఆరాక బెల్లం కలపాలి, లేకపోతే పాలు విరిగిపోతాయి. కేకు విదేశీదే కావచ్చు, అందులో పడే బెల్లం గుణం మాత్రం మన పొయ్యి మీద చూసిందే.

మూడోది సెగ. బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు పిండిలోని, గుడ్డులోని మాంసకృత్తులతో కలిసి తొందరగా ఎర్రబడతాయి. మామూలు కేకులా 180 డిగ్రీల దగ్గర పెడితే లోపల పిండి పచ్చిగా ఉండగానే పైన నల్లబడుతుంది. 160, 165 దగ్గర నలభై నుంచి యాభై నిమిషాలు నిదానంగా కాలనివ్వాలి. ఆ రెండు చక్కెరలకే తేమను పట్టి ఉంచే గుణం ఉంది కాబట్టి బెల్లం కేకు ఎండిపోదు. మొదటి రోజు కాస్త గట్టిగా అనిపించినది రెండో రోజుకు మెత్తబడుతుంది. ఓవెన్ లేని ఇంట్లో అడుగున ఉప్పో ఇసుకో పోసిన పాత కుక్కర్, విజిల్, రబ్బరు తీసేసి, మూత పెట్టి వాడుకోవచ్చు. డిగ్రీలు అక్కడ కుదరవు, ముక్కే కొలమానం.

కొలత కావాలన్నవారికి: గోధుమపిండి, మైదా సగం సగం కలిపి 180 గ్రాములు, బెల్లం 120 గ్రాములు, రెండు గుడ్లు, అర కప్పు పెరుగు, అర కప్పుకు కాస్త తక్కువ నూనె, అర కప్పు బత్తాయి రసం (బెల్లం కరిగించింది ఇందులోంచే), చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా సోడా, ఉప్పు చిటికెడు. అసలు సువాసన రసంలో లేదు, పైతొక్క నూనెలో ఉంది. రెండు బత్తాయిల, ఒక నిమ్మకాయ పచ్చ తొక్కను తెల్ల భాగం తగలకుండా సన్నగా తురిమి వెయ్యాలి. నిమ్మ ఎందుకంటే బత్తాయి నెమ్మదైన పండు. దాని వాసన బెల్లం ముందు నోరెత్తలేదు. నిమ్మతొక్క తోడుంటే ధైర్యం వస్తుంది. నారదబ్బ దొరికిన ఊళ్లలో నిమ్మ బదులు అదే వేసుకుంటే కేకు స్థాయే వేరు.

పండును తొక్కతో సహా వాడే పద్ధతి కూడా ఒకటుంది. క్లాడియా రోడెన్ 1968లో అచ్చయిన తన మధ్యప్రాచ్య వంటల పుస్తకంలో స్పెయిన్ మూలాలున్న యూదుల నారింజ కేకును లోకానికి పరిచయం చేసింది. రెండు నారింజల్ని మొత్తంగా రెండు గంటలు ఉడికించి, గింజలు తీసి రుబ్బి, ఆరు గుడ్లు, బాదం పొడి, చక్కెర కలిపి కాలుస్తారు. మైదా లేదు, వెన్న లేదు. దాన్ని మన బత్తాయితో, బెల్లంతో చెయ్యవచ్చు గానీ గింజ ఒక్కటి కూడా రుబ్బులో పడకూడదు. ఈ పండుకు గింజలూ ఎక్కువే, వాటి చేదూ ఎక్కువే.

తేనె వాడితే కేకు ఇంకా తొందరగా నల్లబడుతుంది, పైగా దాని సువాసన ఓవెన్‌లో సగం ఆవిరైపోతుంది. ఖర్జూరం ముద్దలో పీచు ఉంది కాబట్టి కొంత మేలు, కానీ బత్తాయిని పూర్తిగా మింగేస్తుంది. స్టీవియా లాంటివి తీపినిస్తాయి గానీ కేకుకు కావలసిన బరువును, రంగును, తేమను ఇవ్వవు. బరువు తగ్గడం కోసం ఇలాంటి తీపి ప్రత్యామ్నాయాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది కూడా.

ఇక రంగు సంగతి. రిఫైన్డ్ చక్కెర వద్దనుకుని కొట్టుకెళ్లినవారు అక్కడ ఏ బెల్లం అడుగుతున్నారు? పసుపుపచ్చగా, నిగనిగలాడే దిమ్మను. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లిలోనైనా, మరెక్కడైనా, తెల్లగా ఉన్న సరుకుకు ధర ఎక్కువ, ముదురు రంగుకు తక్కువ. చెరకు రసాన్ని పెనంలో గంటల తరబడి మరిగిస్తే సహజంగా వచ్చేది గోధుమ రంగు. అది పసుపుపచ్చగా తేలాలంటే చాలాచోట్ల హైడ్రోస్ వేస్తారు, అంటే సోడియం హైడ్రోసల్ఫైటు. ఆ మెరుపు కూడా నిలవదు, నిల్వ ఉంచిన కొన్నాళ్లకు దిమ్మ మళ్లీ ముదురుతుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 70 మించకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది. మన దేశంలో చాలా చక్కెర మిల్లులు రసాన్ని తేటపరచడానికి వాడేదీ ఈ గంధకపు వాయువునే. అంటే మిల్లు వద్దని గానుగ దగ్గరికి వెళ్లి, మిల్లు తెలుపునే అడిగి తెచ్చుకుంటున్నామన్నమాట. రైతును తప్పుపట్టి లాభం లేదు. ముదురు రంగు దిమ్మను తక్కువకు అడిగేది కొనేవాళ్లే.

దీనికి తోడు నల్లబెల్లం అనగానే మన దగ్గర సారా బట్టీ గుర్తొస్తుంది. గుడుంబా మీద దాడులు జరిగినప్పుడల్లా పత్రికల్లో పడేది నల్లబెల్లం బస్తాల ఫొటోయే. ఆ అపవాదు మంచి గోధుమ రంగు బెల్లానికి కూడా అంటుకుంది. రుచి తెలిసినవారు మాత్రం కేకుకు ఆ ముదురు దిమ్మనే ఏరుకోవాలి, మసి వాసన, లోతు ఉండేది దానిలోనే. దానికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

మిగిలింది చీటీల గొడవ. చక్కెర ఎలాంటిది కాదో గిన్నె మీద రాసుకోవడం ఈనాటిది కాదు. 1791లో ఇంగ్లండులో బానిసల చెమటతో వచ్చిన వెస్టిండీస్ చక్కెరను మానెయ్యాలని పెద్ద ఉద్యమం నడిచింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో, ఇందులో ఉన్నది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు అని రాసిన చక్కెర గిన్నెలు ఇళ్లలో వెలిశాయి. ఆ రాత చదివినవాడికి ఆ చక్కెర ఎక్కడిదో, ఎవరు చెయ్యలేదో తెలిసేది. ఇవాళ్టి "రిఫైన్డ్ షుగర్ లేదు" అన్న రాత ఏం చెబుతోంది? ఏది లేదో చెబుతుంది, ఉన్నదెంతో అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నోరు మెదపదు. చక్కెర ఏ రూపంలో కలిపినా "నో యాడెడ్ షుగర్" అని రాసుకోకూడదని 2018 నాటి నిబంధనలు చెబుతున్నాయి. "షుగర్ ఫ్రీ" అనాలంటే వంద గ్రాములకు అర గ్రాము దాటకూడదు. "రిఫైన్డ్" అన్న ఒక్క మాట తగిలిస్తే చాలు, ఈ రెండు కంచెల మధ్య నుంచి కేకు దర్జాగా నడిచిపోతుంది. దీన్ని ఆపాలి. బెల్లం, తేనె, ఖర్జూరం ఏది వాడినా ముక్కకు మొత్తం చక్కెరలెన్ని గ్రాములో అదే సైజు అక్షరాల్లో ఉండాలి. విడిగా కోసి అమ్మే బేకరీ కేకుకైతే అద్దం మీదే రాయాలి. దేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వచ్చిన ఇండియాబ్ అధ్యయనం తేల్చింది, మరో పదమూడున్నర కోట్లమంది ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఇంతమంది కొనే వస్తువు మీద ఒక అంకె రాయడం పెద్ద బరువేమీ కాదు.

పైన చెప్పిన కొలతతో చేసిన కేకును పది ముక్కలు కోస్తే ముక్కకు పన్నెండు గ్రాముల బెల్లం. రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకపోతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలో ఒక్క ముక్కే దాదాపు సగం. అనంతపురం ఇంట్లో రెండు ముక్కలు తిన్న తండ్రి ఆ పూట రోజు వాటా ముగించేశాడు. పిండి సంగతి వేరే.

మర్నాడు పొద్దున కాఫీ వేళకు ఆయన మళ్లీ డబ్బా వైపు చెయ్యి చాపాడు. ఈసారి తల్లి కత్తి తెచ్చింది. వేలెడు మందం ముక్క కోసి, దాన్ని అడ్డంగా రెండు చేసి, ఒక సగం సాసర్లో పెట్టి ఆయన ముందుకు జరిపింది. పైపొర రాత్రికి రాత్రే జిగురెక్కి మెరుస్తోంది, నిమ్మతొక్క వాసన గట్టిగా వస్తోంది. "నిన్నటికన్నా ఇవాళే బాగుందే" అన్నాడాయన. "అవును, అందుకే మిగతాది అమ్మాయి బ్యాగులో పెడుతున్నా" అంటూ ఆమె డబ్బా మూత బిగించింది.